పీర్ల నెల మైలు పందెం

గుర్రాన్ని కొన్న ఎర్రప్ప కట్టిపోయిన కొత్త తాడును నూర్జాన్ గుర్రం మెడ నుంచి విప్పి దిబ్బ మీదికి విసిరేసింది.

"తెచ్చి మళ్లీ కట్టు," అన్నాడు హుస్సేన్ పీరా. అతను జట్కా వెనక మెట్టు మీద కూర్చుని, బెంగళూరు రేసుల ప్రయాణానికని ఉతికించి పెట్టుకున్న చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నేను కట్టను."

"మాట ఇచ్చినాను. దుడ్లు మొలలో ఉండాయి. బస్సు కదలంగానే ఎర్రప్ప వచ్చి తోలుకపోతాడు."

"బస్సు కదిలేదాకా అది మన గుర్రమే. మనసు మారితే దుడ్లు వాపసు ఇస్తానని నువ్వే కదా ఆయప్పతో చెప్పింది."

"ఏదో మాటకు చెప్పినా. నా మనసు యాడ మారుతాది?"

బిజిలీ చెవులు వెనక్కి పెట్టి ఇద్దరి మాటలూ విన్నది. పదకొండేళ్ల ఆడగుర్రం. మడకశిర సంతకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లలో సగం మంది దాని జట్కాలోనే వస్తారు. నూర్జాన్ తన కమ్మలు అమ్మి దాన్ని కొనిపించింది. అప్పటినుంచి ఆమె చెవులకు వేపపుల్లలే గతి. ఆ సంగతి ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. ఈ పొద్దు ఎత్తింది.

"నా చెవులు చూడు," అంది.

అతను చూడలేదు. ఇంట్లోకి కేకేశాడు. "రమీజా, అయిందా తల్లీ? ఇంకోసారి మొదటినుంచి చదువు. లెక్క తప్పకూడదు."

అదిగో, ఆ 'తల్లీ' అన్న మాటే నూర్జాన్‌కు పుండు మీద కారం.

రమీజా ఆమె తోడికోడలు, మరిది మాబాషా పెళ్లాం. హిందూపురంలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఐదేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చింది. మాబాషా అంతకు రెండేళ్ల ముందే బెంగళూరు చేరి, రేసు గుర్రాల లాయంలో గుర్రాలకు మాలిష్ చేసే పనిలో కుదిరాడు. పెళ్లాన్ని తీసుకుపోతాను తీసుకుపోతాను అంటూ రెండేళ్లు గడిపాడు. తర్వాత అన్నతో గొడవ పెట్టుకుని రావడం మానుకున్నాడు. ఏడాదిగా ఉత్తరం కూడా లేదు.

మొగుడు ఊళ్లో లేని ఆడది ఏం చేస్తుంది? వండుతుంది, కడుగుతుంది, ఏడుస్తుంది. రమీజా ఇవన్నీ చేసింది, చేశాక రేసు పుస్తకం కూడా రాసింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

హుస్సేన్ పీరాకు గుర్రప్పందేల పిచ్చి తమ్ముడి ఉత్తరాలతోనే మొదలైంది. ఫలానా పందెం ఫలానా గుర్రం గెలిచింది, మైలు దూరం ఇన్ని సెకండ్లలో పరుగెత్తింది, బుకీలు రూపాయికి ఇంత ఇచ్చారు అని మాబాషా రాసేవాడు. ఉత్తరాలు అరుదయ్యాక కాఫీ హోటల్లో పాత పేపర్లు అడిగి తెచ్చుకునేవాడు. రమీజా వచ్చాక ఆ ఉత్తరాలూ పేపర్ ముక్కలూ అన్నీ విప్పి, అంకెలన్నీ ఏరి, ఒక నోటుపుస్తకంలో గీతలు కొట్టి ముత్యాల్లా రాసింది. ఇక బావగారి సంబరం చూడాలి.

మధ్యాహ్నం పూట ఇద్దరూ వసారాలో ఆ పుస్తకానికి అటూ ఇటూ కూర్చునేవాళ్లు. రమీజా తల మీది కొంగు జారనిచ్చేది కాదు, అది నిజమే. అతను కూడా ఆమె ముఖం వైపు చూసేవాడు కాదు, పుస్తకం వైపే చూసేవాడు. ఐనా నూర్జాన్ వంటింట్లోంచి అన్నీ లెక్కపెట్టుకునేది. ఈ పొద్దు మూడుసార్లు నవ్వినాడు. ఈ పొద్దు 'నీ బుర్రే బుర్ర' అన్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో తన బుర్ర గురించి అతను ఒక్క మాటా అనలేదు. కూర బాగుందని అన్నాడు, రెండుసార్లు.

అసూయకు చదువు అక్కర్లేదు కదా. ఒక్క అక్షరం రాని నూర్జాన్‌కు ఆ పుస్తకంలో ప్రతి పేజీ మంట పెట్టేది.

ఇంట్లోంచి రమీజా గొంతు వినిపించింది. "పీర్ల నెల, మైలు పందెం. మొదటి ఏడు. నిమిషం నలభై ఆరు సెకండ్లు."

అతనికి మిగతా నెలల పందేలతో పని లేదు. పీర్లు లేచే మొహర్రం నెలలో జరిగే మైలు పందెమే నిజం చెబుతుందని అతని నమ్మకం. ఆ నెల పేజీలే మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు.

"విన్నావా?" అన్నాడు భార్యతో, కాస్త మెత్తబడి. "ఏటేటా సెకండు తగ్గుతాంది. ఆరేండ్ల లెక్క. పోయినేడు నలభై ఒకటి. ఈ ఏడు గెలిచే గుర్రం సరిగ్గా నిమిషం నలభైకి రావల్ల. గులాబీ అని ఒక పిల్ల గుర్రం ఉండాది. మొన్న పొద్దున పరుగెత్తిస్తే నిమిషం నలభైకి వచ్చిందని పేపర్లో వేసినారు. బుకీలు దానికి ఒకటికి పన్నెండు ఇస్తాండారు. మామూలుగా లెక్కకు సరిపోయే గుర్రానికి ఒకటికి మూడు, మహా ఐతే నాలుగు. పన్నెండు యాడైనా విన్నావా? వాళ్లకు కండ్లు మూసుకపోయినాయి. నా కండ్లు తెరుచుకున్నాయి. గుర్రం అమ్మిన దుడ్లన్నీ దాని మీదే పెడతా."

"నీ కండ్లు కాదు. రమీజా కండ్లు."

అతను గుండీ పెట్టడం ఆపాడు. "ఏమన్నావు?"

"ఏమీ అనలేదు. నాకు పానకం పని ఉంది."

పీర్లు లేచి ఆ వేళకు ఐదో దినం. ఐదో దినం పీర్ల చావిడికి పానకం పంపడం ఆ ఇంటి మొక్కు. చావిడి దగ్గర తప్పెట కొట్టే కుళ్ళాయప్ప అప్పుడే ఖాళీ కుండ తెచ్చి గడప దగ్గర దించాడు.

"ఇంకో కుండ కావల్లంటక్కా. మూడూ అయిపాయ. జనం గొంతులు ఎండి చస్తాండారు," అని వచ్చినంత వేగంగా పోయాడు.

నూర్జాన్ వసారాలో చతికిలబడి నాలుగో కుండకు బెల్లం చితక్కొట్టింది. లోపల రమీజా చదువుతూనే ఉంది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"రెండో ఏడు. నిమిషం నలభై ఐదు."

మొదటి ఏడు ఒక్క కుండే కలిపింది తను. అందులోనూ సగం తిరిగొచ్చింది. ఆ దినం ముసురు. జనం పానకం వద్దని చాయ్ అడిగారు. చావిడి ముందర గుండంలో నిప్పు నిలవక కట్టెలు మూడుసార్లు మార్చారు. రెండో ఏడు కుండ సరిపోయింది.

"నాలుగో ఏడు. నలభై మూడు."

నాలుగో ఏడు రెండు కుండలు.

"పోయినేడు. నలభై ఒకటి."

పోయినేడు మూడు. ఈ ఏడు మూడూ పొద్దెక్కక ముందే అయిపోయి, నాలుగోది అడుగుతున్నారు.

నూర్జాన్ చేతిలో గరిటె ఆగింది. వాళ్ల సెకండ్లు తగ్గే కొద్దీ తన కుండలు పెరుగుతున్నాయి. ఎందుకు పెరుగుతున్నాయి? ఎండ. ఎండ ఎందుకు పెరిగింది? పీర్ల పండుగ ఏటా పదకొండు దినాలు ముందే వస్తుంది. అది పసిపిల్లకైనా తెలుసు. మొదటి ఏడు పీర్లు లేచింది ఆశ్లేష కార్తెలో. ఇప్పుడు రోహిణి. అప్పుడు రొళ్ల ఊరికి పోయే దారిలో జట్కా చక్రాలు బురదలో దిగబడి, బిజిలీ ఒక మైలు నడవడానికి తల ప్రాణం తోకకు వచ్చేది. ఇప్పుడు అదే దారి రాయిలా ఉంది. అదే బిజిలీ, అదే బండి, సగం సేపట్లో పోయి వస్తోంది. బిజిలీ వయసు తగ్గిందా?

గుర్రాలకు వేగం పెరగలేదు. నేల ఎండిపోయింది, అంతే. ఆ నేల మీద గులాబీ ఒక్కటే కాదు, లాయంలో ప్రతి గుర్రమూ నిమిషం నలభైకి వస్తుంది. బుకీలకు కళ్లు ఉన్నాయి. లేనిది ఈ ఇంట్లో వాళ్లకు.

దాచడమెందుకు, ఆమెకు మొదట కలిగింది సంతోషం. ఇంత సంతోషం ఆమెకు కూతురి పెళ్లిలో కూడా కలగలేదు. పోనీ, అనుకుంది. పోయి ఓడిపోయి రానీ. ఎనిమిదో తరగతి బుర్ర ఎంతటిదో తెలిసి రానీ. ఆ పుస్తకం పొయ్యిలో పెట్టే దినం వస్తుంది, తనే అగ్గిపుల్ల గీస్తుంది. ఆమె గరిటె మళ్లీ తిప్పింది, ఈసారి హాయిగా.

పెరట్లో బిజిలీ కదిలింది. మెడకు తాడు లేదు, ఎవరూ పిలవలేదు. అది సంత దినం. వేళ అయిందని దానికి తెలుసు. తనే నడుచుకుంటూ పోయి జట్కా నొగల మధ్య నిలబడింది, కట్టండి అన్నట్టు.

నూర్జాన్ దాన్ని చూసింది. రమీజా తప్పు బయట పడడానికి తను ఈ గుర్రాన్ని ఇస్తోంది. ఆ మాట మనసులో అనుకునేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి, బెల్లం చేతులతోనే పోయి మొగుడి ఎదుట నిలబడింది.

"ఆ లెక్క తప్పు," అంది.

"ఏ లెక్క?"

"పుస్తకంలో లెక్క. మొదటి ఏడు పీర్లు లేచింది ఆశ్లేషలో. వాన. ఇప్పుడు రోహిణి. నేల గట్టిపడింది, అందుకే సెకండ్లు తగ్గినాయి. గుర్రాలు అవే."

"నువ్వు పుస్తకం ఎప్పుడు చదివినావు?"

"చదవలేదు. పానకం కలిపినా. మొదటి ఏడు అర కుండ, ఇప్పుడు నాలుగు. నువ్వు జట్కా తోలేవానివి. బురదలో బిజిలీ ఎంతసేపటికి పోతాది, ఎండలో ఎంతసేపటికి పోతాది, నీకు నేను చెప్పల్లనా?"

హుస్సేన్ పీరా చెయ్యి మొలలో దుడ్ల మూట మీదికి పోయింది. అతను బిజిలీ వైపు తిరిగి, దాని గిట్టల వైపు, కింద పగుళ్లిచ్చిన నేల వైపు చూశాడు. అంత సేపు అతను ఏదీ చూడగా ఆమె ఎన్నడూ చూడలేదు. నమ్మినాడు, అనుకుంది నూర్జాన్.

అప్పుడు అతను ఇంటి వైపు తిరిగాడు.

"రమీజా, ఇట్ల రా తల్లీ. మీ అక్క ఏమో చెప్తాంది. నిజమేనా చూడు."

నూర్జాన్‌కు చెంప మీద కొట్టినట్టయింది. తను చెప్పినది చాలదు. తన వానలు, తన కుండలు, తన బిజిలీ, ఏవీ చాలవు. దాని మీద రమీజా వేలిముద్ర పడాలి.

రమీజా గడపలోకి వచ్చింది. అక్క చెప్పినది లోపలినుంచి అంతా విన్నట్టే ఉంది, మళ్లీ చెప్పమని అడగలేదు. పుస్తకం తెరిచి, పేజీలు వెనక్కి తిప్పింది. ఆరు, ఐదు, నాలుగు. మొదటి ఏడు పేజీ దగ్గర ఆమె వేలు నిలిచిపోయింది. చాలాసేపు నిలిచింది.

చావిడి దగ్గర తప్పెట మోగి ఆగింది.

"లేదు బావా," అంది రమీజా. తల ఎత్తలేదు. "పానకానికీ గుర్రాలకూ ఏం సంబంధం? లెక్క సరిగ్గానే ఉండాది. నువ్వు పో."

హుస్సేన్ పీరా నవ్వాడు. గండం గడిచిన మనిషి నవ్వు అది. "చూసినావా? నువ్వు పానకం కలుపుకో. మాబాషా నలుగురిలో నన్నేమన్నాడో నీకు గుర్తుందా? జట్కా గుర్రం తోలేవానికి రేసు గుర్రం గురించి ఏం తెలుసు అన్నాడు. చావిడి ముందర అన్నాడు. గెలిచి, ఆ దుడ్లు చేతిలో పట్టుకుని వాని లాయం ముందర నిలబడతా. అంతదాకా వాని మొగం చూడనని ఒట్టు పెట్టుకున్నా. తాడు కట్టు."

సంచి భుజాన వేసుకుని, పుస్తకం కోసం చెయ్యి చాచాడు. రమీజా ఇవ్వలేదు. "అంకెలు నీకు నోటికి వచ్చు కదా బావా," అంది. అతను సరేనని, వీధి చివర బస్సు నిలిచే చోటికి పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోయాడు.

నూర్జాన్ తోడికోడలి వైపు తిరిగింది. ఐదేళ్లుగా మింగినదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"కసి తీరిందా? నా మాట మీద నీ మాట గెలిపించుకున్నావు. ఆయన్ని ఎప్పుడో గెల్చుకుంటివి. ఈ పొద్దు నా గుర్రాన్ని కూడా పోగొడితివి. ఇంకేం మిగిలింది ఈ ఇంట్లో? ఈ గరిటె ఉండాది, తీసుకో."

రమీజా లోపలికి పోయి తన ట్రంకుపెట్టె తెరిచింది. ఒక పాత కార్డు తెచ్చి, అక్క పక్కన నేల మీద కూర్చుంది.

"ఇది మా ఆయన మొదటి ఏడు రాసింది. బావకు రాసింది. పుస్తకంలోకి నేనే ఎక్కించినా. వింటావా?" చిన్నగా చదివింది. "'అన్నకు సలాం. ఈడ నాలుగు దినాలుగా ముసురు. గుర్రాలకు మోకాటి దాకా బురద. మైలు నిమిషం నలభై ఆరు.'" కార్డు ఒళ్లో పెట్టుకుంది. "నేను నలభై ఆరు రాసుకున్నా. ముసురు రాయలేదు. అంకెలకు మాత్రమే గీతలు కొట్టినా, వానకు యాడ గీత కొట్టల్ల? తప్పు నాదే. నువ్వు చెప్పంగానే తెలిసిపోయింది. నువ్వు చెప్పిందే నిజమక్కా."

నూర్జాన్ కార్డు వైపు చూసింది. "మరి లేదని ఎందుకు అంటివి?"

"బావ పోవల్ల కాబట్టి."

"యాడికి? ఓడిపోయేదానికా?"

"బెంగళూరికి." రమీజా కార్డు అంచు మడిచింది, విప్పింది. "బెంగళూరికి గొర్రెలు తోలే అగళి వీరప్ప చెప్పినాడు. మా ఆయన లాయం వెనక ఒక ఆమెతో ఇల్లు పెట్టినాడంట. ఆరు నెలలైంది ఈ మాట విని. ఎవరికీ చెప్పలేదు. నేను ఒక్కదాన్ని పోయి యాడ వెతకల్ల? బావను పో అంటే పోడు, ఒట్టు అంటాడు. పందెం ఉంటేనే పోతాడు. గెలిస్తే పొగరుతో తమ్ముని గుమ్మం తొక్కుతాడు. ఓడిపోతే బస్సు చార్జీ కోసం తొక్కుతాడు. ఎట్లైనా తొక్కుతాడు. ఆయన్ని చూస్తాడు, ఆ ఇల్లు చూస్తాడు, చెవి పట్టుకుని తెస్తాడు. అందుకే ఐదేండ్లు ఆ పుస్తకం రాసినా అని అనుకోవద్దు. మొదట్లో ఆయన రాసిన అంకెలు కదా అని ముద్దుగా రాసినా. తర్వాత, ఆయన దగ్గరికి ఇదొక్కటే దారి అని రాసినా."

"నా గుర్రం?"

"నీ గుర్రం పోతాది. తెలిసే అన్నా." ఆమె తల మీది కొంగు సరిచేసుకుంది. "నువ్వు నన్ను చూసి కుళ్లుకుంటావని నాకు తెలుసక్కా. మధ్యాన్నం పూట నీ చూపులు నా ఈపుకు తగుల్తాంటాయి. నీకు మేలు. నేను నీ కండ్ల ముందర ఉండా. తిట్టుకోవచ్చు, గరిటె విసరొచ్చు. నాకు ఆ యమ్మ పేరు కూడా తెలీదు. నల్లగా ఉంటాదో తెల్లగా ఉంటాదో తెలీదు. రాత్రి పండుకుంటే దినానికొక మొగం పెట్టి ఆమెను చూస్తాండా."

ఈ మంట నూర్జాన్‌కు తెలుసు. ఐదేళ్లుగా ఇదే మంట తనలోనూ ఉంది. తన మంటకు ఒక ముఖం ఉంది, అంతే తేడా. పైగా అది తప్పు ముఖం. ఇన్ని మధ్యాహ్నాలు ఆ పుస్తకానికి అటువైపు కూర్చున్న మనిషి తన మొగుణ్ణి చూడనే లేదు. అతని తమ్ముణ్ణి వెతుకుతూ కూర్చుంది.

కనికరం కలిగింది, ఆ కనికరం మీద మళ్లీ కోపం వచ్చింది. ఎంత చక్కగా అబద్ధమాడింది. ఎంత చక్కగా ఆయన నమ్మాడు. తను నిజం చెబితే నమ్మలేదు.

వీధి చివర బస్సు హారన్ మోగింది. ఇది మొదటి హారన్. రెండోది కొట్టాక గాని డ్రైవర్ కదిలించడు.

"పోక్కా," అంది రమీజా. "పరుగెత్తితే అందుకుంటావు. ఈ కార్డు తీసుకపో, కండక్టరుతో చదివించు. అప్పుడు నమ్ముతాడు. నేను అడ్డం రాను."

కార్డు ఆమె చేతిలో పెట్టింది. అడ్డం రాలేదు, బతిమాలలేదు. గడప దగ్గర ఖాళీ కుండ తీసుకుని కడగడం మొదలుపెట్టింది.

కార్డు తీసుకుపోతే గుర్రం మిగులుతుంది. మొగుడు దిగి వస్తాడు, తన మాట నిజమని నలుగురి ముందూ తేలుతుంది. మాబాషా మాత్రం ఆ పేరు తెలియని ఆడదాని దగ్గరే ఉండిపోతాడు, రమీజా ఈ వసారాలోనే ఉండిపోతుంది. ఇలాగే, పుస్తకానికి అటువైపు.

పెరటి వాకిలి కిర్రుమంది. ఎర్రప్ప. ముందు జాగ్రత్త గల మనిషి, చంకలో పచ్చగడ్డి మోపు కూడా తెచ్చుకున్నాడు.

"బస్సు బయలుదేరినట్లే కదమ్మా," అన్నాడు. నొగల మధ్య నిలబడిన బిజిలీని చూసి ముఖం చిట్లించాడు. "తాడు యాడ? నేను కట్టి పోయింటినే."

నూర్జాన్ దిబ్బ దగ్గరికి నడిచి, తాడు తీసి, దుమ్ము దులిపింది. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో మరిది కార్డు. బెల్లం జిగటకు రెండూ వేళ్లకు అంటుకున్నాయి.

ఎర్రప్ప చెయ్యి చాచాడు. "ఇట్ల ఇయ్యమ్మా."

గడప దగ్గర కుండ కడిగే చప్పుడు ఆగిపోయింది. వీధి చివర రెండో హారన్ మోగింది.